బావ నీళ్లెందుకు కొట్టాడు

మా దేవన్న బావ చివరగా చేసిన పని చేపలు కడగడం. శుక్రవారం పొద్దున, బహ్రెయిన్‌లో మా లేబర్ క్యాంపు గది బయట, బోర్లించిన పెయింటు డబ్బా మీద కూచుని, సాఫీ అని ఇక్కడ దొరికే చేపల పొట్టలు చీల్చాడు. పేగులు, మొప్పలు పాత పేపర్లో చుట్టి, కవర్లో పెట్టి, గట్టిగా ముడి వేశాడు. ఆ కవరు పైకెత్తి, గుమ్మంలో చాయ్ తాగుతున్న నాకు చూపించాడు.

"చూసుకో బామ్మర్దీ. చెత్త డబ్బల ఏస్తున్న. సముద్రంల ఏస్తలేను. రేపు ఎవలన్న అడిగితె సాచ్చెం జెప్పాలె."

"చెప్తతియ్యి" అన్నాను.

కవరు డబ్బాలో పడేసి, మూత నొక్కి, చేతులు కడుక్కుని, గుండెల్లో మంటగా ఉందంటూ లోపలికొచ్చి పడుకున్నాడు. కూర దించాక మా గదిలోనే ఉండే భూమేష్ లేపబోతే లేవలేదు.

అలా కవరెత్తి చూపించడం ఆయనకు దాదాపు ఏడాదిగా అలవాటు. మొదట్లో అది ఎత్తిపొడుపు. పోను పోను చేపలు కడగడంలో ఒక భాగమైపోయింది. ఎందుకు మొదలైందో చెప్పాలంటే జల్లాఖ్ బీచ్‌లో జరిగింది చెప్పాలి.

మేం గంగపుత్రులం. కోరుట్ల దగ్గర మా ఊరు. బావ మా రమక్క పెనిమిటి. మా దిక్కు చెరువు పట్టే రోజున ఒక పక్క వలలు కడతారు. ఎదురు పక్క నుంచి కొందరు ఛాతీలోతు నీళ్లలో నడుస్తూ, అరచేతులు వెడల్పు చేసి నీళ్లను కొడుతూ వస్తారు. ఆ చప్పుడుకు బెదిరి చేప వలలోకి పరుగెడుతుంది. బావది ఆ కొట్టే పని. దేవన్న చెయ్యి పడితే కట్ట మీది బర్రెలు కూడా ఉలిక్కిపడతాయనేవాళ్లు.

బహ్రెయిన్ వచ్చిన కొత్తలో అవాలి అనే ఊరి పక్క సిమెంటు పని చేశాడు. తర్వాత జల్లాఖ్‌లో ఒక రిసార్టులో బీచ్ డ్యూటీ దొరికింది. నన్ను అదే రిసార్టు స్టోరులో పెట్టించిందీ ఆయనే. పొద్దున్నే నాచు ఎత్తడం, గొడుగులు పాతడం, ఈతకొచ్చినవాళ్లు హద్దు దాటకుండా కట్టిన ఎర్ర బంతుల తాడు సరిగ్గా ఉందో లేదో ఈదుకెళ్లి చూసి రావడం ఆయన పని. ఆ తాడు కుడివైపు కొస రాళ్లగుట్టకు కట్టి ఉంటుంది. ఎండలోంచి వచ్చి చల్లటి నీళ్లలో పడగానే ఆయన మొహం పెళ్లికొడుకు మొహంలా ఉండేది.

పోయిన సంవత్సరం మాఘమాసంలో, ఒక శనివారం, స్టోరులో ఉండగా బయట అరుపులు వినిపించాయి. పరుగెత్తాను. గెస్టులందరూ అప్పటికే ఒడ్డెక్కారు. పిల్లలు ఏడుస్తున్నారు. తాడుకు అవతల మనిషెత్తు నల్లటి రెక్క ఒకటి నిలబడి కదులుతోంది. దాని వెనక చిన్నవి రెండు. షార్కని కొందరు అరిచారు. షార్కు కాదు, ఓర్కా అట, డాల్ఫిన్ జాతిదట, ఈ సముద్రంలోకి ఎప్పుడో గానీ రాదట. అవన్నీ తర్వాత తెలిశాయి. ఆ క్షణాన నాకు కనిపించింది రెక్క, బావ, అంతే.

బావ రాళ్ల దగ్గర నుంచి ఎడమ వైపుకు పోతూ అరచేతులతో నీళ్లు కొడుతున్నాడు. రెక్క ఆయన వైపు తిరిగింది. ఆయన ఆపలేదు. కొడుతూనే ఇంకా లోపలికి పోయాడు. అది దగ్గరికొచ్చి పక్కకు ఒరిగింది. కన్ను పైన తెల్లటి మచ్చ ఒడ్డు నుంచి కూడా కనబడింది. ఆయన్ని చూసింది, ఆయన కింద నుంచి జారి అవతల తేలింది, మిగతా రెంటినీ తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఎవరికీ గీత పడలేదు.

బావ తిన్నగా మా దగ్గరికి రాలేదు. వెనక్కి రాళ్ల వైపు ఈది, గుట్ట చాటుకు పోయి, కాసేపయ్యాక ఇసుకలో నడుచుకుంటూ వచ్చాడు.

సాయంత్రానికి ఎవరో తీసిన వీడియో అందరి ఫోన్లలో ఉంది. సూపర్‌వైజర్ మా ఇద్దర్నీ ఆఫీసుకు పిలిచి అది చూపించాడు.

"దేవన్న భాయ్, ఏ తుమ్‌కో పహచాన్‌తా హై క్యా? ఇది నిన్ను గుర్తుపడుతుందా? నువ్వు చప్పుడు చేస్తే అది వస్తోంది. రోజూ మేత వేస్తున్నావా?"

కిచెన్‌లో ఒకడు అప్పటికే చెప్పేశాడు, దేవన్న చేపల చెత్త బకెట్‌లో రాళ్ల దగ్గరికి మోసుకుపోతాడని.

"పిల్లులకు సార్. రాళ్ల కాడ పిల్లులున్నయి."

"నీళ్లెందుకు కొట్టావ్?"

"అలవాటు సార్. మా ఊళ్లె గట్లనే కొడ్తం."

సూపర్‌వైజర్ నమ్మలేదు, తోసిపుచ్చనూ లేదు. మేత వేసినట్టు తేలితే వీసా రెన్యువల్ ఉండదు, ఖలాస్, ఇంటికే అన్నాడు. అప్పటిదాకా లాండ్రీ డ్యూటీ, సముద్రంలో కాలు పెట్టొద్దు అన్నాడు.

సూపర్‌వైజర్ సంగతి వేరు. అతనికి చెరువు తెలియదు. నాకు తెలుసు. నీళ్లు కొట్టేది చేపను తరమడానికి. కొడుతుంటే అది మీదికి వస్తోందంటే ఎవడైనా ఆపుతాడు. బావ ఆపలేదు. నీళ్లలో ఇంకెవరూ లేరు, ఒడ్డుకు వచ్చేయొచ్చు. రాలేదు. మరి ఆ గుట్ట చాటున ఏం పని?

ఆ వారమే అడిగాను.

"బావా, నిజం జెప్పు. దాన్ని పిలిచినవా?"

"మీ అక్కనె పిలిస్తె పలుకది, అది పలుకుతదా?"

"మరి ఒడ్డుకెందుకు రాలె?"

నవ్వు ఆపేశాడు. "వద్దామనుకున్న. కాళ్లు రాలె."

కాళ్లు రాని మనిషి అంత దూరం ఈదడు. అబద్ధమని మా ఇద్దరికీ తెలుసు.

మంచం మీద నుంచి భూమేష్ అందుకున్నాడు. "ఊళ్లె ఈయన చేపలను పట్టిండు. ఈడ చేపనే ఈయన్ను పట్టింది."

"పట్టనియ్యిరా. నీ లెక్క గురక వెట్టదు" అన్నాడు బావ. ఆ వారం నుంచే కవరెత్తి చూపించడం మొదలుపెట్టాడు.

నేను ఆయన్ని గమనిస్తూనే ఉన్నాను. లాండ్రీలో తువ్వాళ్లు మడతపెడుతూ వెనక కిటికీలోంచి రాళ్లగుట్ట వైపు చూసేవాడు. శనివారాలు స్టోరుకొచ్చి ఒకటే మాట అడిగేవాడు.

"ఆ జింజ్ ఫ్యామిలీ మళ్ల వచ్చిండ్రా?"

ఆ రోజు బీచ్‌లో ఉన్న, జింజ్ అనే పేట నుంచి వచ్చిన ఒక బహ్రెయినీ కుటుంబం సంగతి అది.

"ఎందుకు, కంప్లైంట్ ఇస్తరని భయమా?"

"ఏం లేదు. ఊకెనే."

ఊకెనే ఎవడూ ప్రతి వారం అడగడు. ఆ ఇంటి పిల్లలకు తమాషా చూపించడానికే మేత వేసి ఉంటాడని నాలో నేను ఒక కథ కట్టుకున్నాను. అది అన్నిటికీ సరిపోయింది. గుట్ట చాటుకూ సరిపోయింది.

రెన్యువల్ గడువు రాకముందే ఆయన పోయాడు. శవపేటిక ఊరికి పంపి, కాగితాలన్నీ అయ్యాక, ఆయన పెట్టె సర్దాను. లుంగీలు, అక్క ఫొటో, నూనె సీసా. మేతకు సంబంధించింది ఏమన్నా దొరుకుతుందేమోనని పెట్టె అడుగుదాకా చూశాను. ఏమీ లేదు.

మళ్లీ మాఘమాసం వెళ్లిపోయాక ఒక శనివారం స్టోరు గుమ్మంలో ఒకావిడ నిలబడింది. చేతిలో తడి తువ్వాళ్ల సంచి, పిల్లల చెప్పులు.

"ఏవండీ, తెలుగోరేనా? ఇక్కడ దేవన్నగారని, బీచ్‌లో చేసేవోరు... ఏరండి?"

ఆయన పోయాడని చెప్పాను. సంచి కింద పెట్టి గుమ్మంలోనే కూచుంది. నీళ్లిచ్చాను. పేరు నరసాయమ్మ అని, కాకినాడ పక్క ఊరని, జింజ్‌లో ఒక ఇంట్లో పనిచేస్తానని చెప్పింది. ఆ జింజ్ ఫ్యామిలీ ఇంట్లోనే.

"ఆ రోజు మాఘ పౌర్ణమండి. మా ఊళ్లో అయితే ఊరంతా సముద్ర స్నానానికి వెళ్తాం. ఇక్కడ నన్ను నీళ్లలో దిగనివ్వరు, పిల్లల్ని చూసుకోవాలి కదా. మేడం నిద్రలో ఉన్నారు, సార్ పిల్లల్తో ఉన్నారు. ఎవరికీ కనపడకుండా మూడు మునకలేసి వచ్చేద్దామని ఆ రాళ్ల చాటుకి వెళ్లి, తాడట్టుకుని దిగానండి. కింద నాచు. కాలు జారి లోపలికి పోయాను. అప్పుడే అది వచ్చింది."

"మా బావ?"

"తాడు చూసుకుంటా వచ్చారు. అది నా వైపే వస్తోందండి. ముందు దాన్ని తోలేద్దామని నీళ్లు కొట్టారు. అది బెదరకపోగా ఆయన కేసి తిరిగింది. అది చూసి, 'కదలకక్కా, తాడిడువకు' అని చెప్పి, కొట్టుకుంటా, కొట్టుకుంటా నాకు దూరంగా వెళ్లిపోయారు. అది ఆయన వెనకే పోయింది. అది పోయాక వచ్చి నన్ను బయటికి లాగారు. మేడానికి తెలిస్తే నన్ను ఇంటికి పంపేస్తారని కాళ్లట్టుకున్నాను. 'నువ్వు రాలే, నేను జూడలే' అన్నారు. మళ్లీ ఇన్నాళ్లకి గానీ ఇటు తీసుకురాలేదు మమ్మల్ని. వస్తే ఒక్కసారి కనపడి దండం పెట్టుకుందామని..."

బయట ఎవరో అరబ్బీలో ఆవిణ్ని పిలిచారు. సంచి ఎత్తుకుని లేచింది.

"మీకు ఈతొచ్చా?" అని అడిగాను.

"రాదండి" అంది. "ఆ తాడు చివరి ఎర్ర బంతి పట్టుకునున్నాను."