రెండు గడియారాల మేడం

మేడం పోయారన్న సంగతి నాకు అబిడ్స్‌లో, ఆదివారం పాత పుస్తకాలు పరిచే ఫుట్‌పాత్ మీద తెలిసింది. మా పాత ఆఫీసులో ఆపరేటర్‌గా చేసినతను ఎదురుపడి, "అక్కా, మీకు తెల్వదా? మన మేడం పోయిన్రు గద. దవాఖానకు తీస్కపోయే లోపలనే అయిపోయింది" అన్నాడు. చేతిలో ఉన్న పుస్తకాన్ని ఎక్కడ పెట్టానో నాకు గుర్తులేదు. చర్చి అయ్యాక ఆమె వచ్చేది కూడా అక్కడికే. పాత రేడియో పత్రికలు ఏరుకుని, బేరమాడకుండా కొనేసి, నాలుగడుగులు వేశాక "జర ఎక్కువనే తీస్కున్నడు" అని నా చెవిలో గొణిగేవారు.

గన్‌ఫౌండ్రీలో ఒక హాల్లో సంతాప సభ పెట్టారు. అప్పటి మా డైరెక్టరు గారు రిటైరయ్యారు గానీ ముందు వరస కుర్చీ నుంచి ఇంకా రిటైరవలేదు. ఆయన మైకు పట్టుకుని, "మేడం దేవత అసొంటి మనిషి. పాపం, ఆమె మిషన్ ఒక్కటే ఆ రోజు పనిచెయ్యలే" అన్నారు. జనం తలలూపారు. నాకు ఒళ్లు మండిపోయింది. లేచి నిలబడి, "పనిచేసింది సార్" అన్నాను.

"ఇప్పుడు గవన్నీ ఎందుకమ్మా? రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం" అన్నారాయన.

మౌనం! బతికినన్నాళ్లూ ఆమెను పాటించమన్నదీ అదే. అక్కడ చెప్పనివ్వలేదు కాబట్టి ఇక్కడ చెబుతున్నాను.

తొంభైల చివర్లో మేమిద్దరం నాంపల్లిలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో ఇంజనీర్లం. ఆమె పెద్ద, నేను కింద. మెదక్ వైపు క్రైస్తవ మిషన్ బడుల్లో పాఠాలు చెప్పిన కుటుంబం ఆమెది. రెండు చేతులకూ గడియారాలు పెట్టుకునేవారు. ఎడమ చేతిది మన టైము. ఉపగ్రహాల రాకపోకల లెక్క ప్రపంచమంతా ఒకే టైములో ఉంటుంది కనుక కుడి చేతిది ఆ టైము. ఆఫీసులో వెనకాల "రెండు గడియారాల మేడం" అని నవ్వేవారు. ఆమెకు తెలుసు. "నవ్వనీ. ఒక్కటన్న సరిగ్గ పెట్టుకొని టైముకొస్తే మంచిది" అనేవారు.

మా పని ఏమిటంటే, ఫోను తీగ పోని ఊళ్లలోని బడులకు ఆకాశం నుంచి ఇంటర్నెట్ ఉత్తరాలు అందించడం. ఆకాశంలో ఒకేచోట కుదురుగా కనిపించే పెద్ద ఉపగ్రహాలు చాలా ఎత్తున ఉంటాయి, వాటి సరంజామా ఖరీదు. తక్కువ ఎత్తున తిరిగే చిన్నవైతే బడి కప్పు మీద ఓ చిన్న యాంటెన్నా, ఒక బ్యాటరీ చాలు. కాకపోతే అవి ఆగవు. నెత్తి మీదికి వచ్చిన కాసేపట్లోనే ఇవ్వాల్సింది ఇచ్చి, తీసుకోవాల్సింది తీసుకోవాలి. అందుకే అవి వరసగా, చాలా ఉండాలి. "గిది సిటీ బస్సు లెక్క సార్. ఒకటి పోయేలోపల ఇంకోటి రావాలె. ఒక్క బస్సేసి రూటంటే ఎట్ల?" అని ప్రతి మీటింగులోనూ ఆమె మొత్తుకున్నారు. ప్రభుత్వం ఒక్క బస్సే ఇచ్చింది. అదీ ఏదో పెద్ద ఉపగ్రహం పోతుంటే, ఒళ్లో చంటిదాన్ని కూర్చోబెట్టినట్టు, దానితోపాటు పంపించారు. ముందు మంత్రిగారి ఎదుట పనిచేసి చూపించాలట. చూపిస్తేనే మిగతావి.

మేడం ఒప్పుకున్నారు. ఆదిలాబాద్ అడవి అంచున ఒక బడిలో యాంటెన్నా బిగించి వచ్చారు. హెడ్మాస్టరు గారికి దగ్గర కూర్చుని పని నేర్పారు. నేర్చుకునేటప్పుడు ఆయన తప్పుమీద తప్పు చేస్తుంటే, "ఫికర్ చెయ్యకున్రి సార్. ఈసారి పోతే పోయింది, అది మళ్లొస్తది" అన్నారట. ఆ మాట ఆమె నోట ఎన్నిసార్లు విన్నానో. బస్సు తప్పినా, ప్రమోషన్ తప్పినా అదే మాట.

ఇక ప్రారంభోత్సవం. డైరెక్టరు గారు మేడంను గదిలోకి పిలిచి, "పది గంటలకు ముహూర్తం పెట్టిన్రు మేడం. మీ ఉపగ్రహం టైము జర అటు ఇటు చెయ్యున్రి" అన్నారు.

"గది మనం పిలిస్తే వచ్చేది కాదు సార్. పదకొండున్నరకు మన మీదికొస్తది. గప్పుడే పెట్టుకుందం."

"ముహూర్తమెట్ల మారుస్తరు? మీరు చర్చికి పోయెటోళ్లు, మీకు తెల్వది."

ఆ మాటకు నాకు కోపమొచ్చింది, ఆమెకు రాలేదు. "ముహూర్తం తప్పని నేనంటలేను సార్. మీ ముహూర్తం ఎట్ల ఆగదో, దానిది గూడ గట్లనే ఆగదు" అన్నారు, అంతే.

ఆ రోజు పది అయింది, మంత్రిగారు రాలేదు. పదకొండైంది, రాలేదు. పంతులుగారిని అడిగితే పాపం ఆయన పంచాంగం తిరగేసి ఇంకో మంచి గడియ చూసిచ్చారు. చూశారా! మంత్రిగారి కోసం ముహూర్తం పక్కకి జరిగింది. ఉపగ్రహం కోసమైతే జరగదు.

పదకొండున్నర దగ్గర పడుతుంటే మేడం డైరెక్టరు గారి దగ్గరికి వెళ్లి, "కనీసం మిషన్ ఆన్ చేయనియ్యున్రి సార్, అది వస్తున్నది" అని బతిమాలారు. "రిబ్బన్ కత్తిరియ్యక ముందు ఎట్ల ఆన్ చేస్తరు మేడం?" అన్నారాయన. మిషన్ గది గుమ్మానికి ఎర్ర రిబ్బన్ కట్టి, పక్కన అటెండర్‌ను నిలబెట్టారు. ఉపగ్రహం నాంపల్లి మీదుగా వచ్చింది, వెళ్లిపోయింది. రిబ్బన్ అలాగే ఉంది.

మధ్యాహ్నం పన్నెండు దాటాక మంత్రిగారు వచ్చారు. రిబ్బన్ కత్తిరించి, మీట నొక్కారు. తెర మీద ఏమీ లేదు. ఉండదు కదా! "ఏంది, పన్జేస్తలేదా?" అన్నారు. ఇంకో గంటలోపల ఉపగ్రహం మళ్లీ వస్తుందని మేడం చెప్పబోతే, డైరెక్టరు గారు అడ్డుపడి "చిన్న టెక్నికల్ లోపం సార్" అన్నారు. కార్లు వెళ్లిపోయాయి. ఆడలేక మద్దెల ఓడన్నారు. పరికరం పనిచేయలేదని రిపోర్టు రాశారు. మిగతా ఉపగ్రహాల మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. మేడంను ఆఫీసులకు కుర్చీలు, ఫ్యాన్లు కొనే సెక్షన్‌లో వేశారు. రిటైరయ్యేదాకా ఆమె కుర్చీలే కొన్నారు, రెండు గడియారాలు పెట్టుకునే కొన్నారు. ఒక్కోసారి మాట్లాడుతూ మాట్లాడుతూ కుడి చెయ్యి చూసుకుని కిటికీలోంచి పైకి చూసేవారు.

ఈ వారం పేపర్లో వార్త వచ్చింది. పల్లె బడులకు ఉపగ్రహం నుంచి ఇంటర్నెట్ ఇస్తారట, రాష్ట్రంలో ఇదే తొలిసారట. ఏం తొలిసారి? తొలిసారి ఎప్పుడో అయిపోయింది. నేను కళ్లారా చూశాను.

ఆ రోజు మంత్రిగారు వెళ్లిపోగానే అందరూ భోజనాలకు కిందికి దిగారు. షామియానా వాళ్లు గుడ్డలు విప్పుతున్నారు. మేడం మాత్రం మిషన్ ముందు నుంచి కదలలేదు. ఒంటిగంట దాటాక కుడి చేతి గడియారం చూసి, "రా నాయనా" అన్నారు. తెర మీద అక్షరాలు మొదలయ్యాయి. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. హెడ్మాస్టరు గారు పదకొండున్నరకే ఉపగ్రహానికి ఎక్కించి ఉంచిన ఉత్తరం.

"మంత్రిగారికి నమస్కారములు. తమరి మాట వస్తుందని మా పిల్లలు పొద్దుటి నుంచి బడి బయట నిలబడి పైకి చూస్తున్నారు. తమరు ఏది చెప్పినా చదివి వినిపిస్తాను."

నేను మెట్లు దిగి పరుగెత్తాను. డైరెక్టరు గారు పళ్లెంలో పెరుగు కలుపుకుంటున్నారు. "వచ్చింది సార్, ఒక్కసారి పైకి రాండ్రి" అన్నాను. ఆయన తలెత్తకుండానే అన్నారు, "అందరు పోయినంక వస్తే వచ్చినట్టెట్లయితదమ్మా?"

నేను పైకి వచ్చేసరికి గదిలో మేడం లేరు. డాబా మీద, ఎండలో, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఆ బడి ఉన్న దిక్కుకే చూస్తున్నారు. పగటిపూట అక్కడ కనిపించేదేమీ ఉండదు. గదిలో తెర మీద ఆమె పంపిన జవాబు ఇంకా వెలుగుతూ ఉంది.

"అందింది సార్. పిల్లలను లోపలికి తీస్కపోండ్రి. ఎండ బాగున్నది."