అవ్వ మళ్లించిన నీళ్లు

పోయిన సోమవారం పొద్దున మా పక్కింటి అవ్వ కన్నుమూసింది. నేను ప్రార్థన ముగించి లేస్తుంటే వాళ్ల కోడలు గోడ మీదుగా పిలిచింది. "అక్కా, అవ్వ పలకలేదు." వెళ్లి చూస్తే పెరటివైపు తిరిగి పడుకుని ఉంది. ముఖం ఎవరి మాటో వింటూ వింటూ ఆగిపోయినట్టుంది.

కోలారు బంగారు గనుల కార్మికుల లైను ఇళ్లలో మా రెండిళ్లకూ పెరడు ఒకటే. ఇప్పుడక్కడ అరటి, పసుపు, చేమ, కనకాంబరాలు కాలు పెట్టే చోటు లేకుండా పెరిగాయి. మేము వచ్చిన కొత్తలో అదొక గుంట. వాన నీళ్లు వారాల తరబడి నిలిచి మా వెనక గోడ బీటలిచ్చింది. గుంట పూడ్చడానికి మావారు గని దిబ్బ నుంచి, బంగారం తీసేశాక మిగిలిన సైనేడు మన్ను తెచ్చి పోశారు. ఇక్కడివాళ్లందరం చేసే పొరపాటే అది. కళ్లెదుట కొండంత దిబ్బ ఊరికే పడి ఉంటుంది కదా. ఆ బూడిదరంగు మన్ను రాయిలా బిగుసుకుని నీళ్లను ఇంకా పైనే నిలబెట్టింది. గడ్డి కూడా మొలవలేదు.

"గుంట పూడ్చమంటే స్మశానం కట్టినాడే మీ ఆయన!" అని అవ్వ నవ్వింది.

పెరటి మూల మాత్రం నేలలో ఒక నెర్రె ఉండేది. నీళ్లు అక్కడికి చేరితే గుటక వేసిన చప్పుడుతో లోపలికి పోయేవి. ఎంత తాగినా నిండేది కాదు. కింద పాత సొరంగాలున్నాయని అందరికీ తెలుసు. దాన్ని వెడల్పు చేసి నీళ్లన్నీ అందులోకి వదులుదామని మావారు గడ్డపార తీశారు. అవ్వ వచ్చి నెర్రె పక్కన చతికిలబడింది.

"లే అవ్వా, గోడ పడిపోతాది."

"పడితే మళ్లీ కట్టుకోవచ్చప్పా. కింద మా ఇంటాయన ఉండాడు. ఆయన నెత్తిన మురికినీళ్లు పోస్తావా?"

ఆమె భర్త షిఫ్టుకు దిగిన రోజు లోపల రాయి పేలి సొరంగం మూసుకుపోయింది. శవం పైకి రాలేదు. అవ్వ నావైపు తిరిగి మెల్లగా అంది. "మీ చర్చివాళ్లకు పూలు పెట్టేదానికి సమాధులుండాయి అమ్మణ్ణీ. నాకు యాడుండాది?"

మావారు గడ్డపార గోడకు ఆనించారు.

ఆ మాటతోనే తోట మొదలైంది. దిబ్బ మన్నంతా గోకి ఎత్తేశాం. గోడల వెంట వాలుగా కాలువ తవ్వి, రాళ్లు పరిచి వీధి మోరీలో కలిపాం. చెరువు మట్టితో మడులు ఎత్తుగా కట్టాం. నీళ్లెక్కువ తాగేవి ముందు పెట్టమని అవ్వ చేమ, అరటి పెట్టించింది. గోడ ఆరింది. నెర్రె చుట్టూ కనకాంబరాలు తానే నాటింది.

ఒకప్పుడు గనిలో షిఫ్టు మారే సాయంత్రం వేళకు అక్కడికి వెళ్లి కూర్చునేది. కాఫీపొడి అయిపోయిందనీ, మనవరాలికి మాలూరు ఫ్యాక్టరీలో పని దొరికిందనీ నేలతో చెప్పేది. ఆగి, తల ఊపేది. పోయినవాళ్లతో మాట్లాడకూడదని మా చర్చిలో చెబుతారు. ఆమెతో ఆ మాట అనడానికి నాకు నోరు రాలేదు.

"ఏమంటాడవ్వా?" అని ఒకసారి అడిగాను.

"ఏమంటాడు! బతికుండంగానే మాట్లాడేవాడు కాదు. ఇంగ ఇప్పుడు వింటాడు, చాలు."

ఆ మాట అన్న కాసేపటికే కింద ఎక్కడో ఇనుము రాతికి తగిలినట్టు వినిపించింది. రాళ్లు సర్దుకుంటున్నాయేమో అనుకున్నాను. అవ్వ మాత్రం కొంగు భుజం మీదికి లాక్కుని, ఎవరికో చోటిస్తున్నట్టు కాళ్లు ముడుచుకుని కూర్చుంది.

ఆ సాయంత్రం మగవాళ్లు ఆమెను మోసుకుని వెళ్లగానే వాన దంచింది. ఒక అరటిచెట్టు కాలువకు అడ్డంగా కూలింది. నీళ్లు పక్కకు పొర్లి మూలవైపు పాకాయి. నేను పరుగెత్తి, చెట్టును ఈడ్చేసి, చేతులతో మట్టి తోసి గట్టు వేశాను. నెర్రె అంచు దాకా వచ్చిన నీళ్లు కాసేపు అక్కడే తచ్చాడి, వెనక్కి మళ్లి వీధివైపు వెళ్లిపోయాయి.

లేవబోతూ నేల మీద చెయ్యి ఆనించాను. వానకు పెరడంతా మంచులా చల్లగా ఉంది. నెర్రె పక్కన మాత్రం, ఎవరో అప్పుడే లేచి వెళ్లిన చాపలా, నేల వెచ్చగా ఉంది. ఇద్దరు పక్కపక్కన కూర్చునేంత మేర.