నీళ్ల కింద నలభై ఎకరాలు

ఈ రోజు మా కాలేజీలో పేద విద్యార్థుల ఫీజు రాయితీ కమిటీ కూర్చుంది. దరఖాస్తులు చదివి వినిపించే గుమాస్తాను నేనే. కొల్లేటి ఒడ్డున నలభై ఎకరాలున్న మోతుబరి ఒకాయన కొడుకు కోసం దరఖాస్తు పెట్టారు. వానలకు పొలం మునిగింది గనుక "ప్రస్తుతం కనిపించే భూమి లేదు" అని రాశారు. అబద్ధం కాదు కాబట్టి మంజూరైంది.

బెంచీ మీద కూర్చుని ఇదంతా విన్న తివాచీల నేతగాడు మస్తాన్‌గారి వంతు వచ్చింది. రాయితీ రాకపోతే వాళ్లబ్బాయి చదువు ఆగిపోతుంది.

"ఇంట్లో మగ్గం ఉందిగా, మీరు కార్ఖానాదారులండీ," అన్నారు సెక్రటరీగారు.

"అయితే మగ్గాన్ని కొల్లేట్లో దింపి రమ్మంటారాండీ?" అని ఆయన నెమ్మదిగా అడిగారు.

ఆ ప్రశ్నకు జవాబు రాసే పని నాకప్పగించి కమిటీవారు కాఫీకి లేచారు. ఇంకా తెల్లకాగితం ముందే కూర్చున్నాను. మీరైతే ఏం రాస్తారండీ?