ఆగని మోటారు

ఆ పొద్దున తిరువూరు బస్టాండులో పక్కచేను రైతు తన ఫోన్ చూపించి, "రెండ్రోజులు ఛార్జింగ్ ఉంటుందండి" అన్నాడు. చవక కంపెనీది. నలుగురిలో పకపకా నవ్వాను. నాది ఖరీదైన కంపెనీ మరి, పొగరు!

మా బోరు మోటారుకి నా నంబరు నుంచి ఫోన్ చేస్తే ఆన్ అవుతుంది, మళ్లీ చేస్తే ఆగుతుంది. బస్సులోంచే ఆన్ చేసి, వీడియోల్లో పడ్డాను. విజయవాడ చేరకముందే నా ఫోన్ చచ్చింది, ఛార్జరేమో ఇంట్లో. స్టార్టర్ పెట్టెకి తాళం, తాళంచెవి నా జేబులో.

సాయంత్రం నేను తిరిగొచ్చేసరికి మా గట్టు తెగి నీళ్లన్నీ ఆ రైతు పత్తిచేలో నిలిచాయి. మోకాళ్లదాకా బురదతో పారపట్టి కాలవ తీస్తున్న ఆయన నన్ను చూసి, "హమ్మయ్య! ఎన్నిసార్లు చేసినా స్విచాఫ్ వస్తుంటే మీకేమైందోనని భయపడ్డానండి" అన్నాడు.