మిరపకాయలు దాచిన మరుగుదొడ్డి

ఆ రోజుల్లో చదువు లేని ఆడదానికి అధికారం అంత తేలిగ్గా దొరికేది కాదు. మూడో తరగతితో బడి మానేసిన నాకు మాత్రం ముప్పై ఏళ్లకే దొరికింది, ఎర్ర తాడుకి వేలాడే ప్లాస్టిక్ ఈల రూపంలో. అంతకుముందు సంవత్సరం వానల్లో మా ఊళ్లో వాంతులూ విరేచనాలూ వీధి వీధికీ పాకి, నా చిన్నకూతురు పట్నంలో, బ్రాడీపేటలో ఓ ఆసుపత్రిలో నాలుగు రోజులు సెలైను మీద పడి ఉంది. అది లేచి తిరిగాక మా ఊరికొచ్చే నర్సమ్మ మా పొదుపు సంఘం ఆడవాళ్లని కూర్చోబెట్టి, "మీరు పొలం గట్ల మీద కూర్చున్నదంతా వానకి కొట్టుకొచ్చి మీ బోరు చుట్టూనే చేరుతోంది. దీనికి మందు లేదమ్మా, ఒకళ్లనొకళ్లు మార్చుకోవాల్సిందే" అంది. ఇంటింటికీ మరుగుదొడ్లు అప్పటికే కట్టి ఉన్నాయి, వాడేవాళ్లే లేరు. అందుకని తెల్లారగానే పొలం దారిలో కాపు కాసి, చెంబుతో కనిపించినవాళ్ల మీద ఈల వేసి, మెడలో బంతిపూల దండ వేసి, చప్పట్లు కొట్టాలని తీర్మానం చేశాం. ఊళ్లో నన్ను మించిన గయ్యాళి లేదని ఈల నా మెడలో వేశారు. (మెచ్చుకున్నారనే అనుకున్నాను.)

ఈల వేయడంలో మాత్రం నేను పొదుపు పాటించలేదు. తలపాగా కదిలితే ఈల, చెంబు మెరిస్తే ఈల. "పిన్నీ, సగంలో ఉన్నాను, కాస్తాగు" అని ఒకడు పత్తిచేలోంచి బతిమాలాడు. "లేచి మాట్లాడరా" అన్నాను. "లేస్తే ఉన్న పరువు కూడా పోద్ది పిన్నీ" అన్నాడు. వారంలో పదిమందికి దండలు పడ్డాయి. (దండ ఒక్కటే. తీసి నీళ్లు చల్లి మర్నాడు మళ్లీ అదే వేసేదాన్ని.)

ఎనిమిదో రోజు నడుమెత్తు పత్తి మొక్కల మధ్య నుంచి లేచింది మా అత్తగారు. సంఘం మొత్తం నా వైపు చూసింది. నేను దండ పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

"వెయ్యవే, ఆగావేం?" అంది ఆవిడ మెడ వంచి. "నీ లెట్రిన్‌లో మిరపకాయలు కూర్చున్నాయి. ఇక నేనెక్కడ కూర్చోను?"

నిజమే. మా ఇంట్లో వాన కారని స్లాబూ, ఎలుక దూరని తలుపూ ఉన్న గది అదొక్కటే. అంత మంచి గదిని రోజుకి పది నిమిషాల పనికి వదిలేయడానికి మనసొప్పక, బేసిన్ మీద చెక్క వేసి తొమ్మిది టిక్కీల మిరపకాయలు పేర్చాను. (ఎండుమిరప బస్తాని మావైపు టిక్కీ అంటాం.) మరి నేనెక్కడికి వెళ్లేదాన్నంటారా, ఈల పట్టుకున్నవాళ్లని ఆ మాట ఎవరూ అడగరు.

"రేపు ఈ పాటికి మా అత్తయ్య అందులోకే వెళ్తుంది, మీరే వచ్చి చూడండి" అన్నాను.

ఆ రోజంతా టిక్కీలు మోసి, నేల కడిగాను. కడిగిన నీళ్లు పారబోయబుద్ధి కాలేదు. బేసిన్‌లో పోయడానికి పనికొస్తాయి కదా అని బకెట్లోకి ఎత్తి అక్కడే పెట్టాను. మర్నాడు వీధంతా చూస్తుండగా అత్తగారు దర్జాగా లోపలికి వెళ్లి గడియ పెట్టుకుంది. ఆ నీళ్లు దేనికో ఆవిడకి నేను చెప్పలేదు, లోపలి చీకట్లో వాటి రంగు ఆవిడకి కనపడలేదు. కాసేపటికి వచ్చిన కేకకి పెరట్లో గేదె పలుపు తెంపుకుంది. ఆవిడ బయటికొచ్చి, ఎవరినీ చూడకుండా తిన్నగా వెళ్లి గేదె కుడితి తొట్టిలో కూర్చుంది. మధ్యాహ్నం దాకా లేవలేదు. అన్నం కూడా అక్కడే తింది.

"లెట్రిన్ మండుద్దంట" అన్న మాట సాయంత్రానికల్లా ఊరంతా పాకింది. మిరపకాయ మొహం చూడని మరుగుదొడ్లకి కూడా జనం తాళాలేసి చెంబులు తీశారు. ఆకాశంలో చూస్తే మబ్బులు. బోరు దగ్గర నా చిన్నకూతురు దోసిలి పట్టి నీళ్లు తాగుతుంటే రెక్క పట్టుకుని ఇవతలికి లాగాను.

మర్నాడు వీధిని పిలిచి, "ఇవాళ లోపలికి నేను వెళ్తాను, కేక వస్తుందేమో వినండి" అన్నాను. బకెట్ కడిగి, మంచినీళ్లు నింపుకుని తలుపేసుకున్నాను. ఒక్క మగ్గు నీళ్లతో బకెట్ కడిగితే చాలనుకోవడం ఎంత తప్పో లోపల తెలిసింది.

"ఏమే, మండుతోందా?" అంది అత్తగారు తలుపవతల నుంచి.

"లేదత్తయ్యా."

"మరి గొంతు వణుకుతోందేం?"

"చల్లగా ఉండి వణుకుతోంది."

బయటికొచ్చాక ఆవిడ నా మొహంలో మొహం పెట్టి చూసింది. "ఆ కళ్ల నీళ్లేంటే?"

"సంతోషం అత్తయ్యా" అని, వీధి వీధంతా చూస్తుండగా మామూలుగా నడుచుకుంటూ ఇంట్లోకి వెళ్లాను. (కుడితి తొట్టి వైపు చూడకుండా వెళ్లాను. అదే కష్టమైంది.)

ఆ నడక చూసి ముందు ఎదురింటి ముసలమ్మ తాళం తీసింది, తరవాత మిగతావాళ్లు తీశారు. నాలుగో రోజు మా అత్తగారు, తన నీళ్లు తనే మోసుకుని, చప్పుడు చేయకుండా వెళ్లొచ్చింది. ఆ వానాకాలం మా వీధిలో ఎవరికీ సెలైను ఎక్కలేదు.

ఇప్పుడు నా మనవలు అబద్ధమాడితే గోడకుర్చీ వేయిస్తాను, అందులో మొహమాటం లేదు. అయినా ఆ రోజు తలుపు తీసుకుని తలెత్తుకుని బయటికొచ్చిన ఆ ముప్పై ఏళ్ల పిల్లని తలుచుకుంటే మాత్రం నవ్వొస్తుంది. మోకాళ్లు అరిగిన ఈ వయసులో, ఏ మంటా లేకుండానే, అంత తిన్నగా నడవడం నా వల్ల కావడం లేదు.