ఏడో పాట

పొద్దున హెడ్‌ఫోన్స్‌లో తీగ మీద వేలు జారిన కీచు చప్పుడు వినగానే దాన్ని తుడిచెయ్యడానికి నా చెయ్యి దానంతట అదే మౌస్ మీదికి పోయింది. చర్చి పాట రికార్డు చేయించుకోవడానికి నెక్కొండ నుంచి వచ్చిన అమ్మాయి గిటార్ అది. చెయ్యి ఆపుకున్నాను. ఆ చప్పుడు వింటే శామ్యూలన్న గుర్తొస్తాడు. గుర్తొచ్చిన రోజు ఇక పని సాగదు.

మీరు ఆయన పేరు విని ఉండరు. హైదరాబాద్‌లో ఒక హార్డ్ రాక్ బ్యాండులో పద్నాలుగేళ్ళు లీడ్ గిటార్ వాయించాడు. అబ్బో, ఏం వేగం! ఆ బ్యాండు వదిలేసి కాజీపేటకు వచ్చేశాడు. ఎందుకు వదిలాడో అప్పటికి ఎవరికీ చెప్పలేదు. హనుమకొండలో నా చిన్న స్టూడియోకు వచ్చి, "తమ్మీ, నా సొంత ఆల్బం జేద్దాం. ఏడు పాటలు. పాడేటోడు వద్దు, గిటారొక్కటే," అన్నాడు.

బతుకమ్మ పాటలు రికార్డు చేసుకు బతికే నాకు వినడమంటే ఏమిటో నేర్పింది ఆయనే. ప్రతి పాటా మొదటి నుంచి చివరిదాకా ఒకే ఊపులో వాయించేవాడు. తప్పు పోతే ముక్క అతికించనిచ్చేవాడు కాదు, మళ్ళీ మొదటి నుంచే. మధ్యలో వేడినీళ్ళ గిన్నెలో ఎడమచేతి వేళ్ళు ముంచి కూర్చునేవాడు. "చలికా అన్నా?" అంటే, "ఆఁ, చలికే," అనేవాడు. అది ఎండాకాలం. నేనెంత మొద్దునో చూడండి, అనుమానమే రాలేదు.

ఏడో పాట భార్య రూతు వదిన కోసం కట్టాడు. అది కుదరడానికి పదకొండు రోజులు పట్టింది. చివరికి కుదిరిన రికార్డింగులో కూడా వేళ్ళు తాళానికి వెనకబడ్డాయి, అక్కడక్కడా కీచుమన్నాయి. అయినా, "ఇగ అయిపోయింది తమ్మీ, మల్ల నాతోని గాదు," అని నవ్వుకుంటూ ఇంటికి వెళ్ళాడు. నేనేమో మేలు చేద్దామనుకున్నాను. రెండు రోజులు కూర్చుని ప్రతి స్వరాన్నీ కంప్యూటర్‌లో తాళానికి జరిపాను, కీచులన్నీ తుడిచేశాను, పాత వేగం తెప్పించాను. ఇక అవసరమేముందని అసలు రికార్డింగును కంప్యూటర్‌లోంచి తీసేశాను.

ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టాడు.

"బ్యాండోళ్ళు గూడ గీ వేగమే అడిగిండ్రు. వేళ్ళు బిగుసుకపోతున్నయ్ తమ్మీ. గిట్ల వాయించరాకనే బయటికొచ్చిన. గా అసలుదే పెట్టు."

"అది తీసేసిన అన్నా."

తిట్టి ఉంటే బాగుండేది. "ఫికర్ జెయ్యకు. ఆరే పెట్టు," అని గిటార్‌ను పెట్టెలో సర్దుకున్నాడు. ఆల్బం ఆరు పాటలతోనే వచ్చింది.

నిరుడు ఆయన పోయాక వదిన స్టూడియోకు వచ్చింది. "నా పాటొకటి ఉన్నదట గదా, జర ఇనిపియ్యి," అన్నది. నా దగ్గర మిగిలింది నేను దిద్దిన ఆ ఒక్కటే. చివరిదాకా ఓపిగ్గా విన్నది.

"పాట గదే. గని చెయ్యి ఆయనది గాదు. ఎవరు వాయించిండ్రు?"

"నేనే వదినా," అన్నాను.

ఇవాళ పొద్దున ఆ నెక్కొండ అమ్మాయి రికార్డింగ్ గది అద్దం అవతలి నుంచి, "అన్నా, గా కీచు సప్పుడు తీసెయ్యరాదు?" అని అడిగింది. ఉండనీ అమ్మా, అన్నాను. ఇంకొకరి వేళ్ళను తుడిచేసే ఓపిక నాకు లేదు.