నంబరు లేని వ్యాగన్

బాబాయి పోయాడు. పోయిన నెలలో ఒకరోజు పొద్దున, దుకాణం షట్టరు ఎత్తుతుండగా పిన్ని ఫోన్ చేసింది. "మీ బాబాయి ఎల్లిపోయాడే" అని ఒక్క ముక్క చెప్పి పెట్టేసింది. షట్టరు సగంలో పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో గుర్తులేదు. పక్కన టీకొట్టు ఆయన వచ్చి "ఏందమ్మా, ఇరుక్కుందా?" అంటూ పైకి నెట్టాడు.

ఆయన నాకు రక్తసంబంధం కాదు. నరసరావుపేటలో మా ఇంటికి రెండిళ్ల అవతల ఉండేవాడు. ఊహ తెలిసినప్పటి నుంచీ నాకు ఆయన బాబాయి, ఆవిడ పిన్ని. రైల్వేలో ఉద్యోగం. గూడ్సు బండి ఆగగానే సుత్తి పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తూ, ఒక్కో వ్యాగన్ చక్రాలూ స్ప్రింగులూ బ్రేకులూ చూసి, బాగాలేనిదాని మీద చాక్‌పీసుతో రాసి పక్కన పెట్టించే పని. ముప్పయ్యేళ్లకు పైగా అదే చేసి రిటైరయ్యాడు. నాది ఫొటోలు, ఫ్లెక్సీల దుకాణం. ఆయన శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కూడా నేనే వేశాను. అందరికీ చేసినట్టే ముఖం మీది మచ్చలు తుడవబోయాను, చెయ్యి రాలేదు. ఎందుకు రాలేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను. చదివి మీరు నన్ను తిట్టుకున్నా సరే.

రిటైరైన కొత్తలో బెజవాడ ఫుట్‌పాత్ మీద, పాత పుస్తకాల కుప్పలో ఆయనకొక ఇంగ్లిషు పుస్తకం దొరికింది. ఏదో చలిదేశపు గూడ్సు వ్యాగన్ల పుస్తకం. పేజీకొక ఫొటో, కింద నాలుగు లైన్లు. ఇది ఏ రకం, ఏం మోస్తుంది, దేన్నిబట్టి గుర్తుపట్టాలి, అంతే. దాన్ని తువ్వాలులో చుట్టి దుకాణానికి తెచ్చి చూపించాడు.

"చూడమ్మాయ్, ఆళ్లకి పిట్టలకీ పుస్తకమే, బళ్లకీ పుస్తకమే. మనకేదీ? గేటు కాడ రోజూ నిలబడి గూడ్సు ఎల్లిందాకా చూస్తాం గదా, దాని పేరేందో ఒక్కడికన్నా తెలుసా?"

"తెలిసి ఏం చేస్తాం బాబాయ్? సిమెంటు వస్తే చాలదా?" అన్నాను.

"ఇంజన్ని అందరూ చూస్తారే. మోసేదాన్ని ఎవుడూ చూడడు."

ఆ మాట ఆయన నోట చానాసార్లు విన్నాను. ఒకసారి పిన్నిని చూపించి కూడా అన్నాడు. "చాల్లే సంబడం, ముందు పాలపాకెట్టు తెచ్చిపెట్టు" అని ఆవిడ లోపలికి పోయింది.

తెలుగులో అలాంటి పుస్తకం ఒకటి వేయాలి. అదొక్కటే ఆయన కోరిక, ఇంకో కోరిక ఉన్నట్టు నేనెరగను. చిన్న కెమెరా కొన్నాడు. పెరుగన్నం బాక్సు సంచిలో వేసుకుని పొద్దున్నే బస్సెక్కి సత్తెనపల్లి, పిడుగురాళ్ల, నడికుడి, మాచర్ల తిరిగేవాడు. స్టేషన్లలో పాతవాళ్లు ఆయన్ని ఎరుగుదురు కాబట్టి అడిగితే పోనిచ్చేవారు. ఫొటో తీసేముందు వ్యాగన్ మీద అరచేత్తో రెండుసార్లు తట్టేవాడట, ఎద్దును తట్టినట్టు. బొగ్గు మోసే పైకప్పులేని వ్యాగన్లు, సిమెంటూ యూరియా మోసే మూత వ్యాగన్లు, అడుగున తలుపులు తెరుచుకుని కంకర పోసేవి, ఆయిలు ట్యాంకులు, అన్నీ పక్క నుంచే తీసేవాడు. ఎదురుగా తీస్తే అన్నీ ఒకేలా ఉంటాయని.

ప్రతి వ్యాగన్ పక్కనా తెల్లరంగుతో పదకొండంకెల నంబరు ఉంటుంది. "మొదటి రెండూ ఇంటిపేరు, అంటే ఏ రకమో. తర్వాత రెండూ సొంతూరు, ఏ రైల్వేదో. ఆ తర్వాత రెండూ పుట్టిన ఏడాది. మిగతా ఐదూ దానికొక్కదానికే" అని నాకు విడమర్చి చెప్పాడు. అప్పుడు శివరాత్రి ముందు రోజులు. కోటప్పకొండ ప్రభల ఫ్లెక్సీలు కట్టలు కట్టలుగా వచ్చి పడుతున్నాయి. నాయకుల ముఖాల మీది మచ్చలు తుడుస్తూ "ఊఁ, ఊఁ" అన్నాను. ఒక్క ముక్క బుర్రకెక్కలేదు.

నాలుగేళ్ల కిందట ఒక పాతరకం మూత వ్యాగన్లు పంతొమ్మిది, పాతినుము కింద కోతకు పంపడానికి పక్క లైన్లో పెట్టారని తెలిసి పరుగున వెళ్లాడు. పంతొమ్మిదింటి ఫొటోలూ తీసుకొచ్చాడు. "ఈ రకానికి ఇయ్యే ఆఖరమ్మాయ్. ఇంకో వారంలో గ్యాసుకట్టరు పెడతారు" అన్నాడు. కెమెరాకు ఆయన దగ్గర ఉన్నది ఒకటే మెమరీ కార్డు. "ఖాళీ చేసుకో బాబాయ్, అన్నీ నా సిస్టంలో భద్రంగా ఉన్నాయి" అన్నాను. నా మాట నమ్మి ఖాళీ చేసుకున్నాడు.

పుస్తకం పేజీలు తయారుచేసే పని నాది. మనసుపెట్టే చేశాను. అదే నన్ను తినేస్తోంది. నిర్లక్ష్యం చేసి పాడుచేస్తే ఒక బాధ, ప్రేమగా కూర్చుని పాడుచేశాను. మధ్యాహ్నం బేరాల్లేని వేళల్లో ఒక్కో ఫొటో తెరిచి తుప్పు తుడిచాను. కారిన సిమెంటు చారలు తుడిచాను. చాక్‌పీసు రాతలు, పెచ్చులూడిన తెల్ల అంకెలు, అన్నీ తుడిచాను. పెళ్లిఫొటోలో పెళ్లికూతురి వెనక గోడ మీద రాతలుంటే జనం ఒప్పుకోరు, తుడిచేస్తాం. అదే చెయ్యి, అదే అలవాటు. కింద పేరు ఎటూ వేస్తున్నాంగా అనుకున్నాను. డిస్కులో చోటు చాలక పాతవాటి మీదే సేవ్ కొట్టాను. అన్నీ కడిగిన ముత్యాల్లా తయారయ్యాయి. ఆయన్ని పిలిచి ప్రింటు తీసిన పేజీలు చేతిలో పెట్టినప్పుడు నా ముఖం వెలిగిపోతూ ఉండి ఉంటుంది.

బాబాయి కళ్లద్దాలు సర్దుకుని మొదటి ఫొటో మీద వేలు పెట్టి అటూ ఇటూ వెతికాడు. "నంబరేదమ్మాయ్?"

"తీసేశా బాబాయ్. పిచ్చిరాతలన్నీ తీసేశా. చూడు ఎంత బాగుందో!"

"పాతయ్యి ఉన్నయ్యా?"

"ఏ పాతవి?"

ఆయన ఆఖరి పేజీ దాకా తిప్పాడు. అప్పుడు మెల్లగా అన్నాడు. "అది మురికి కాదమ్మాయ్. దాని జాతకం."

తిట్టలేదు. "నీ చేతులిరగ్గొట్టా!" అని ఒక్క కేక వేసినా బాగుండేది. టీ వస్తే తాగాడు. గ్లాసు కింద పెట్టి నడుచుకుంటూ వెళ్లిపోయాడు. ఆయన స్కూటరు మా దుకాణం ముందే ఉండిపోయింది. సాయంత్రం నేనే వాళ్లింటికి నెట్టుకుపోయాను. పిన్ని తలుపు తీసి, "పడుకున్నాడే, అన్నం కూడా వద్దన్నాడు" అంది.

నాలుగు రోజులకు ఆయనే వచ్చి, "తిరిగే బళ్లు తిరగతానే ఉంటయ్. అయ్యి మళ్లీ తీద్దాం" అన్నాడు. డెబ్బయ్ దాటిన మనిషి. ఎండలు ముదురుతున్నాయి. వద్దు బాబాయ్ అనాలి. అనలేదు. ఆయన మళ్లీ తీసుకొస్తే నా తప్పు కొంతైనా మాసిపోతుందనే ఆశ. ఛీ, ఎంత స్వార్థం!

రెంటచింతల దగ్గర ఎండ ఎలా ఉంటుందో మన వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. అక్కడ పట్టాల పక్క కంకర మీద కాలుజారి పడ్డాడు. తుంటి విరిగింది. ఆపరేషన్ చేశారు గానీ మళ్లీ లేచి నడవలేదు. పద్నాలుగు నెలలు మంచం మీదే.

చూడడానికి వెళ్తే ఎప్పుడూ ఆ పంతొమ్మిది గురించే. అందులో ఒకదాన్ని తన సర్వీసులో ఎన్నోసార్లు తనిఖీ చేశాడట, తలుపు సొట్టను బట్టి ఫొటోలో పోల్చుకున్నాడు, ఒకప్పుడు దాని నంబరు నోటికొచ్చట. "ఒక్కదానికన్నా నంబరుండాల. లేకపోతే ఆ రకం ఉండిందని ఎవుడు నమ్ముతాడు?" అనేవాడు. మొదటి ఆరంకెలూ గడగడా చెప్పేవాడు. మిగతా ఐదూ గుర్తురాక అక్కడే ఆగిపోయేవాడు.

"ఆఫీసు కాగితాల్లో ఉండవా బాబాయ్?"

"పంతొమ్మిది నంబర్లూ ఉంటయ్. ఈ ఫొటోలోది అందులో ఏదో ఎవుడు చెప్తాడు?"

ఒకరోజు చూడలేక, "ఏదో ఒక ఐదు అంకెలు వేసేద్దాం బాబాయ్, ఎవరు చూడొచ్చారు?" అన్నాను. ఆయనకు నా మీద కోపం రావడం అదొక్కసారే చూశాను. "నేను ముప్పయ్యేళ్లు చాక్‌పీసు పట్టుకున్నానే! ఒక్క బండి మీద అబద్ధం రాయలా" అని గోడవైపు తిరిగిపోయాడు. 

పోయినరోజు నేను వెళ్లేసరికి వాకిట్లో పడుకోబెట్టారు. పిన్ని నన్ను చూసి ఏడుపు ఆపింది. "నువ్వు తుడవకపోతే ఆయన మళ్లీ ఎందుకు పోతాడే ఆ ఎండలో?" అంది. అందరూ విన్నారు. ఎవరో పెద్దావిడ "ఊరుకో అమ్మా, ఆ పిల్లేం చేసింది" అని సర్దబోయింది. పిన్ని అన్నదాంట్లో తప్పేముంది? నేనే అనుకుంటున్న మాట ఆవిడ పైకి అంది.

పెద్దకర్మ అయిన మర్నాడు ఆవిడే దుకాణానికి వచ్చి బల్ల మీద ఒక నోటుపుస్తకం పెట్టింది. "దిండు కింద ఉంది. నాకు చదవటం రాదు గదా, ఏమన్నా చెప్పి పోయాడేమో చూడు" అంది.

తెరిచాను. పేజీ నిండా అవే ఆరంకెలు, పక్కన ఐదు అంకెలు, కొట్టివేత. కింద మళ్లీ అవే ఆరు, మరో ఐదు, కొట్టివేత. పేజీలకు పేజీలు. పోనుపోను రాత వంకరపోయింది. ఆఖరున ఆరంకెలు రాసి ఐదు గీతలు గీసి వదిలేశాడు.

"ఏం రాశాడే?" అని పిన్ని అడిగింది.

"నంబర్లు పిన్నీ" అన్నాను. ఆవిడ నోటుపుస్తకం నాకే వదిలి వెళ్లిపోయింది.

పుస్తకం రాలేదు, ఇక రాదు. ఆ ఒక్క ఫొటోను మాత్రం రోజూ తెరుస్తున్నాను. ఒకప్పుడు నంబరు ఉన్న చోటును పెద్దది చేస్తాను. ఇంకా పెద్దది చేస్తాను. ఏ అంకె తోకయినా, ఒక తెల్లచుక్కయినా మిగిలిందేమోనని వెతుకుతాను. స్క్రీనంతా నున్నటి ఎర్రమట్టి రంగే. అంత బాగా తుడిచాను.